గాజు మేస్త్రి చెప్పని మాట

సైన్సు కాలేజీ వెనకవైపు, సైకిళ్ల షెడ్డు దాటాక రెండు మెట్లు దిగితే ఒక పొడుగాటి గది ఉండేది. కిటికీ అద్దాలకు సగం దాకా నల్లరంగు పూసి ఉండేది. బయటి వెలుతురు ఎక్కువైతే మంట రంగు సరిగా కనబడదు మరి. ఆ గదిలో ముప్పైనాలుగేళ్లు పనిచేసిన మనిషిని అందరూ గాజు మేస్త్రి అనేవాళ్లు. హాజరుపట్టీలో వేరే పేరుండేది కానీ, ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే ఇంకెవరినో అనుకుని ఆయనే వెనక్కి తిరిగి చూసేవాడు.

పై అంతస్తుల్లో ప్రయోగాలు చేసేవాళ్లకు కావలసిన గాజు సామానంతా ఆయన చేతి మీదుగానే వెళ్లేది. బజారులో దొరికేవి ఎలాగూ దొరుకుతాయి. దొరకని వంపు, దొరకని మెడ, ఒక గొట్టం కడుపులో ఇంకో గొట్టం కావాలంటే మాత్రం ఎంతటివాళ్లయినా ఆ రెండు మెట్లూ దిగాల్సిందే. నోట్లో రబ్బరు గొట్టం పెట్టుకుని, రెండు చేతులతో గాజును మంట మీద తిప్పుతూ, తొందర లేకుండా ఊదేవాడు. పని నేర్పింది మేనమామ. ఆయన థర్మామీటర్ల కార్ఖానాలో పనివాడు. రెండు చేతులూ ఒకే వేగంతో తిప్పడం రావడానికే మేనల్లుడికి ఏడాది పట్టింది. "నీ కుడిచెయ్యి తెలివైంది, ఎడమచెయ్యి మొద్దు. తెలివైనదాన్ని కాస్త ఆపి, మొద్దుదాని కోసం చూడరా" అని మామ రోజూ తల వాచేలా చెప్పేవాడు. ఇరవై ఆరో ఏట కాలేజీలో ఉద్యోగం వచ్చేసరికి ఎడమచెయ్యి కూడా దారికొచ్చింది.

అన్ని గదులకూ తిరిగే మనిషి కాబట్టి మేస్త్రికి ఒక సంగతి మిగతావాళ్లకన్నా ముందే తెలిసింది. ఆ భవనంలో అందరూ చేసేది సైన్సే. కానీ 'ఇది నిజం' అని ఒప్పుకోవడానికి ఒక్కో అంతస్తులో ఒక్కో పద్ధతి.

ఫిజిక్సు సారు చేతికి గొట్టం ఇస్తే ముందు దాన్ని ఇరవైసార్లు కొలిచేవాడు. "ఇది ఎనిమిది మిల్లీమీటర్లు అంటే నేను నమ్మను మేస్త్రీ. ఎనిమిదికి ఎంత అటూ ఇటూ ఉందో చెప్పు, అప్పుడు నమ్ముతా" అనేవాడు. లెక్కల మాస్టారికి గాజు సామానుతో పనే లేదు. చలికాలంలో మాత్రం మంట దగ్గర చేతులు కాచుకోవడానికి వచ్చేవాడు. "మా దగ్గర ఒకసారి రుజువైతే అయిపోయినట్టే. మళ్లీ చేసి చూసే బాధ లేదు" అని ఆయన గొప్పలు పోతే, "మీకు పగిలే సామాను లేదు కాబట్టి సరిపోయింది మాస్టారూ" అని మేస్త్రి అంటించేవాడు.

మేస్త్రికి ఎక్కువగా పని పడేది రెండు చోట్ల. రెండో అంతస్తులో కెమిస్ట్రీ, మేడ మీద అద్దాల షెడ్డులో మొక్కల మేడమ్.

కెమిస్ట్రీలో అడిగేది ఒకటే ప్రశ్న. మళ్లీ వచ్చిందా? ఒకరు చేసింది ఇంకొకరు చేసినా, ఈ ఊళ్లో చేసింది ఇంకో ఊళ్లో చేసినా అదే ఫలితం రావాలి. వస్తే నిజం, రాకపోతే లేదు. ఎవరు చేశారు, ఏ రోజు చేశారు, చేసేటప్పుడు కిటికీ తెరిచి ఉందా మూసి ఉందా, అవన్నీ వాళ్లకు అనవసరం. గాజు అంతకన్నా అనవసరం. వాళ్ల పుస్తకాల్లో 'ఒక బుడ్డిలో తీసుకుని' అని ఉంటుంది. ఆ బుడ్డి ఎవరు ఊదారో ఉండదు. గాజు అనేది అసలు అక్కడ లేనట్టే లెక్క.

మొక్కల మేడమ్ దారి వేరు. ఆవిడ ఒకే ఒక్క తీగజాతి మొక్కను గాజు పెట్టెలో పెట్టి ఏళ్ల తరబడి చూస్తూ ఉండేది. "మళ్లీ చేసి చూపించమంటే నేనెలా చూపిస్తాను? నిరుటి వేసవిని వెనక్కి తెమ్మంటే ఎక్కణ్ణుంచి తేను?" అనేది. అందుకని కనబడిందల్లా రాసేది. కొత్త గాజు మూత తీసుకెళితే చాలు, కళ్లజోడు సర్దుకుని ప్రశ్నలు మొదలుపెట్టేది. ఇది ఏ గాజు? ఎప్పుడొచ్చిన సరుకు? ఏ రోజు ఊదావు? ఈ ఎడమవైపు బుడగేమిటి?

"అది నా ఊపిరే మేడమ్, లోపల ఉండిపోయింది" అన్నాడొకసారి మేస్త్రి నవ్వుతూ. ఆవిడ నవ్వలేదు. "ఎడమవైపు బుడగ, ఆవగింజంత" అని రాసుకుంది. కిందికి వచ్చాక ఆ మాట పదిమందికి చెప్పుకుని నవ్వాడు.

ఆయనకు నలభై ఏళ్ల వయసులో కెమిస్ట్రీలో పరిశోధనకు ఒక అమ్మాయి చేరింది. ఏది చేసినా మూడుసార్లు చేస్తే గాని ఒప్పుకునేది కాదు. టీ వేడిగా ఉందా అని కూడా మూడుసార్లు చూస్తుందని తోటివాళ్లు ఏడిపించేవాళ్లు. మూడుసార్లమ్మాయి అని పేరు పడింది. మేస్త్రిని మొదటిరోజే 'బాబాయ్' అంది. ఆ కాలేజీలో ఆయన్ని వరస కలిపి పిలిచింది ఆ అమ్మాయి ఒక్కతే. మధ్యాహ్నం డబ్బా తెచ్చుకుని వర్కుషాపు బల్ల చివర కూర్చుని తినేది. ఆయన ఊదుతుంటే కన్నార్పకుండా చూసేది. మేస్త్రి ఇంట్లో పిల్లలు లేరు. భార్య ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. ఆ అమ్మాయి కబుర్లు సాయంత్రం ఇంటికి మోసుకెళితే, "మీ కూతురు ఇవాళ ఏమందీ?" అని భార్య ముందే అడిగేది.

ఒకరోజు ఆ అమ్మాయి పరుగున మెట్లు దిగి వచ్చింది. ఆమెకు కావలసిన పెద్ద బుడ్డి స్టోరులో లేదు. తెప్పించాలంటే నాలుగు నెలలు. ఆమె మొదటి విడత పని చూపించాల్సిన గడువు అయిదు నెలలే.

"ఎలాగైనా చేసిపెట్టండి బాబాయ్. మీరు తల్చుకుంటే కాదా?"

తల్చుకుంటే కాదా అన్న మాట ఆయనకు బాగా ఎక్కింది. వర్కుషాపు మూల బీరువాలో మామూలుగా ఎవరూ ముట్టుకోని పాత సామాను ఉండేది. అందులో ఒక పెద్ద గాజు బుడ్డి ఉంది. ఎప్పుడో కరెంటు ప్రయోగాలకు ఎవరో చేసింది. తక్కువ వేడికే కరిగే మెత్తగాజు. రెండువైపులా ప్లాటినం తీగలు గాజులోంచి లోపలికి దిగి ఉన్నాయి. మేస్త్రి దాని మెడ కోసి కొత్త మెడ అతికించాడు. తీగలను కత్తిరించి, ఆ చోట గాజును కరిగించి మూసేశాడు. ఒక తీగ పూర్తిగా వచ్చేసింది. రెండోదాని మొన లోపలివైపు ఉండిపోయింది, నువ్వుగింజలో సగం. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే చిన్న బూడిదరంగు చుక్క. దాన్ని తీయబోతే బుడ్డికే మోసమని వదిలేశాడు. రిజిస్టరులో 'కొత్త బుడ్డి, ఒకటి' అని రాసి సంతకం పెట్టాడు. పాతదానికి అతుకులేసి ఇచ్చానని రాయడానికి మనసొప్పలేదు. అతుకు ఎక్కడుందో కనిపెట్టమంటే మామ కూడా కనిపెట్టలేడనిపించింది, అంత బాగా కుదిరింది.

"అబ్బ, ఎంత బాగుంది బాబాయ్!" అని ఆ అమ్మాయి బుడ్డిని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వెళ్లింది. చుక్క సంగతి ఆయన చెప్పలేదు. ఆమె అడగలేదు. అడగడం అక్కడి అలవాటు కాదు.

రెండు నెలల తర్వాత రెండో అంతస్తు అంతా ఒకటే సందడి. మామూలుగా అంత తక్కువ వేడిలో కలవకూడని రెండు వాయువులు ఆ అమ్మాయి బుడ్డిలో కలిశాయి. మూడుసార్లు చేసింది. ముప్పైసార్లు చేసింది. ప్రతిసారీ కలిశాయి. కెమిస్ట్రీ హెడ్డు గారు ఆమె లెక్కలన్నీ తిరగేసి, పరిశోధన కాగితం రాసి పత్రికకు పంపించారు. ఆ సాయంత్రం మూడుసార్లమ్మాయి మిఠాయి పొట్లం పట్టుకుని కిందికి వచ్చింది. "మొదటిది మీకే. బుడ్డి మీది కదా" అంది.

కాగితం అచ్చయిన ఏడాదిలోపే ఇంకో ఊరి లేబరేటరీ నుంచి ఉత్తరం వచ్చింది. మేము చేశాం, కలవలేదు. తర్వాత మరో చోటు నుంచి అదే మాట. హెడ్డు గారు కొత్త బుడ్లు రెండు చేయించారు. అప్పటికి స్టోరులో సరుకుంది. మేస్త్రి ఎక్కువ వేడికి తట్టుకునే గట్టిగాజుతో, అదే కొలతకు, రెండు ఊది ఇచ్చాడు. వాటిలో ఏమీ జరగలేదు. పాత బుడ్డిలో మాత్రం జరుగుతూనే ఉంది. కానీ పాత బుడ్డితో చేసేది ఆ అమ్మాయే. లెక్కలు రాసుకునేదీ ఆ అమ్మాయే. వరండాలో గుసగుసలు మొదలయ్యాయి. అంకెలు వండిందన్నారు. పేరు కోసం చేసిందన్నారు. మూడుసార్లమ్మాయి అన్న పేరే వెటకారమైపోయింది.

మేస్త్రికి నిద్ర పట్టడం మానేసింది. ప్లాటినం ఏం చేస్తుందో ఆయనకు పూర్తిగా తెలియదు. కానీ పదిహేనేళ్లుగా కెమిస్ట్రీ వాళ్ల మాటలు వింటున్నవాడు. ఆ లోహం పక్కనుంటే కొన్ని వాయువులు ఊరికే ఉండవని ఎవరో అనగా విన్న గుర్తు. మూడు బుడ్లూ ఒకటి కావన్నది మాత్రం ప్రపంచంలో ఆయన ఒక్కడికే తెలుసు. పొద్దున్నే చెప్పేద్దామనుకునేవాడు. వర్కుషాపుకు వచ్చి మంట వెలిగించగానే రిజిస్టరులో తన సంతకం గుర్తొచ్చేది. రేపు చెబుదాంలే అనుకునేవాడు.

విచారణకు ముగ్గురు పెద్దలను వేశారు. వాళ్లు ఒక మధ్యాహ్నం రెండు మెట్లు దిగి వచ్చారు. వెనకాల ఆ అమ్మాయి, చేతిలో తన నోటుపుస్తకంతో. ముగ్గురిలో పెద్దాయన బల్ల మీద మూడు బుడ్లనూ వరసగా పెట్టించాడు.

"ఇవి మూడూ నువ్వే చేశావా మేస్త్రీ?"

"నేనే సార్."

"మూడూ ఒకటేనా? ఏమైనా తేడా ఉందా?"

గదిలో బర్నరు సన్నగా బుస కొడుతోంది. ఆ అమ్మాయి ఆయన ముఖంలోకే చూస్తోంది. ఆ చూపులో అనుమానం లేదు. ఆశ ఉంది. ఏదైనా తేడా ఉంటే బావుణ్ణు, అది బాబాయే చెప్పాలి అన్నట్టు.

"ఒకటే సార్. అదే చెయ్యి, అదే కొలత" అన్నాడు మేస్త్రి.

చెయ్యి ఒకటే, కొలత ఒకటే. గాజు ఒకటేనని తాను అనలేదు. ఆ సందులో దూరి ఆయన చాలా ఏళ్లు తలదాచుకున్నాడు.

వెళ్లేముందు పెద్దాయన పాత బుడ్డిని ఆయన చేతిలో పెట్టి, సందుల్లోంచి గాలి ఏమైనా కారుతోందేమో చూసి రేపటికి చెప్పమన్నాడు, ఆ తర్వాత దాంట్లో తామే చేసి చూస్తామన్నాడు. మర్నాడు పొద్దున మేస్త్రి దాన్ని కిటికీకి ఎదురుగా పట్టుకుని చూశాడు. చుక్క అక్కడే ఉంది. మెడ దగ్గర అతుకు గట్టిగానే ఉంది. అయినా ఒకసారి మంట చూపిద్దామనుకున్నాడు. మెత్తగాజును దూరం నుంచి, మెల్లగా, వేడి అలవాటు చేస్తూ మంటలోకి తేవాలి. ఆ సంగతి ఆయనకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. ఆ పొద్దున మాత్రం చెయ్యి గట్టిగాజుకు తిప్పినట్టే ఆక్సిజను ఎక్కువగా తిప్పి మంట పెంచింది, బుడ్డిని నేరుగా మంటలో పెట్టింది. టప్పుమని ఒక చప్పుడు. గీత మెడ దగ్గర మొదలై కడుపు చుట్టూ తిరిగి వచ్చింది. బుడ్డి రెండు ముక్కలై బల్ల మీద పడింది.

చెయ్యి జారిందా, మనసు జారిందా అన్నది ఆయనకు ఈనాటికీ తెలియదు. ముక్కలు ఊడ్చి చెత్త గాజు డబ్బాలో వేశాడు. చుక్క ఏ ముక్కలో ఉందో వెతకలేదు.

బుడ్డి లేదు కాబట్టి ఇక చేసి చూపించేదేమీ లేదు. ముగ్గురూ తమ కాగితంలో 'ఫలితం మళ్లీ రాలేదు' అని రాశారు. అబద్ధమని రాయలేదు. రాయకపోయినా అందరూ అలాగే చదువుకున్నారు. హెడ్డు గారు అచ్చయిన కాగితం నుంచి తన పేరు వెనక్కి తీసుకున్నారు. ఆ అమ్మాయి పని మధ్యలోనే ఆగిపోయింది.

వెళ్లిపోయే రోజున వర్కుషాపుకు వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి కానీ ఏడవలేదు. మేస్త్రి చేస్తున్న పని ఆపి లేచి నిలబడ్డాడు.

"బుడ్డి పగిలిందని మీరు బాధపడుతున్నారట కదా, అటెండరు చెప్పాడు" అంది. "మీరేం చేస్తారు బాబాయ్? గాజన్నాక పగలదా? మనసులో పెట్టుకోకండి."

ఆయన బల్ల మీది గాజు పొడి తుడవసాగాడు. ఆమె బల్ల చివరున్న తన డబ్బా మూత, ఎప్పుడో మరిచిపోయింది, తీసుకుని వెళ్లిపోయింది.

తర్వాత పద్నాలుగేళ్లు గడిచాయి. మేస్త్రి పని బాగానే చేశాడు. బాగా చేశాడని రెండుసార్లు సర్టిఫికెట్లు కూడా ఇచ్చారు. మనిషి మాత్రం మాట తగ్గించేశాడు. లెక్కల మాస్టారు చలికాచుకోవడానికి వస్తే జోకులు వేయడం మానేశాడు. "మీ కూతురు ఎక్కడుందో ఏమైనా తెలిసిందా?" అని భార్య మొదట్లో అడిగేది. "ఎక్కడో ఉండే ఉంటుంది" అని చెయ్యి కడుక్కుని లేచేవాడు. కొన్నాళ్లకు ఆవిడా అడగడం మానేసింది. కెమిస్ట్రీ గదుల్లోకి సామాను తీసుకెళ్లాల్సి వస్తే గుమ్మం దగ్గరే ఇచ్చి తిరిగొచ్చేవాడు.

అప్పుడు మొక్కల మేడమ్ రిటైరైంది. గాజు పెట్టెలు విప్పి సర్దడానికి మేస్త్రిని పిలిచింది. అద్దాల షెడ్డులో ఒక గోడ పొడవునా నోటుపుస్తకాలు, అట్టల మీద ఏళ్ల అంకెలు. పెట్టెల మూతలకు ఏ పాత కాగితం చుట్టాలా అని ఆయన చూస్తుంటే, ఆవిడ ఒక పుస్తకం తీసి చేతికిచ్చింది.

"చూడు, నువ్వు కూడా ఉన్నావ్ ఇందులో."

నీలం సిరాతో సన్నటి అక్షరాలు. 'మంగళవారం. మబ్బు. మేస్త్రి మూత తెచ్చి మూడు రోజులైంది. ఊదినప్పుడు జ్వరంగా ఉందట, చెయ్యి వణికిందన్నాడు. మూత కుడివైపు సరిగా కూర్చోలేదు. ఆకులు మూడు రోజులుగా వాలుతున్నది ఇందుకేనేమో. మళ్లీ చేయించాలి.'

మేస్త్రి ఆ వాక్యాలు చదివి, మళ్లీ చదివాడు. తన జ్వరం ఎవరో రాసిపెట్టారు. తన చెయ్యి వణకడం కూడా ఒక సంగతేనని, ఆకు వాలడానికి అదీ ఒక కారణం కావచ్చునని ఒక మనిషి అనుకుంది. పుస్తకం ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

"ఏమైంది మేస్త్రీ?"

"రెండో అంతస్తులో కూడా ఇలా రాసుకుని ఉంటే బావుండేది మేడమ్."

అక్కణ్ణుంచి ఆగలేదు. పాత బీరువా, ప్లాటినం తీగ, రిజిస్టరు, ముగ్గురు పెద్దలు, టప్పుమన్న చప్పుడు, అన్నీ చెప్పేశాడు. అంతా విన్నాక ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"వాళ్లు రాసుకోలేదన్నది నిజమే. వాళ్ల పద్ధతిలో గాజు లెక్కలోకి రాదు. కానీ మేస్త్రీ, నిన్ను అడిగారుగా?"

"అడిగారు."

"మరి వాళ్ల పద్ధతి మీద తోసేయకు."

ఆవిడే తెల్లకాగితం తెచ్చి ముందు పెట్టింది. "రాయి. ఇవాళ్టి తారీఖు వెయ్యి. ఎన్నేళ్లకు రాస్తున్నావో అది కూడా రాయి. నువ్వు ఏమనుకున్నావో వద్దు, ఏం చేశావో అది రాయి."

ఆ సాయంత్రం భార్యకు కూడా చెప్పాడు. ఆవిడ మిషను తొక్కడం ఆపింది. "పద్నాలుగేళ్లూ నా ఎదురుగా కూర్చునే అన్నం తిన్నారు కదండీ" అంది. మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. తిడితే బావుండుననిపించింది ఆయనకు.

కాగితం తీసుకుని కెమిస్ట్రీకి వెళ్లాడు. పాత హెడ్డు గారు పోయి నాలుగేళ్లయింది. కుర్చీలో ఉన్న కొత్తాయన నెమ్మదస్తుడు. పూర్తిగా చదివాడు.

"ఆ బుడ్డి ముక్కలేమైనా ఉన్నాయా?"

"లేవు సార్."

"మరి దీన్ని నేనేం చేసుకోను మేస్త్రి గారూ? మీరు చెబుతున్నది నిజమే కావచ్చు. కానీ మా దగ్గర సాక్ష్యం చెల్లదు. ఎవరు చెప్పారన్నది కాదు, చేస్తే వస్తుందా అన్నదే."

మేస్త్రి వెనుదిరగబోయి ఆగాడు. "చేసి చూడండి సార్. బుడ్డి నేను ఊదుతాను. మెత్తగాజుతో రెండు. ఒకదాంట్లో తీగ మొన పెడతాను, ఇంకోదాంట్లో పెట్టను."

కొత్త హెడ్డు ఆయన వైపు చిత్రంగా చూశాడు. "తీగ దేంట్లో ఉందో చేసేవాళ్లకు చెప్పకండి, నాకు మాత్రం చెప్పండి" అన్నాడు.

రెండు బుడ్లు చేయడానికి మేస్త్రికి తొమ్మిది రోజులు పట్టింది. ఒకప్పుడైతే రెండు రోజుల పని. ఆనాడు దాచినంత శ్రద్ధగానే ఈసారీ కోసిన తీగ మొనను లోపలివైపు దాచాడు, కానీ ఏ బుడ్డిలో ఉందో ఈసారి రాసి హెడ్డు చేతికిచ్చాడు. పైన ఇద్దరు విద్యార్థులు ఒక్కోదాంట్లో ఆరుసార్లు చేశారు. తీగ లేనిదాంట్లో ఒక్కసారీ ఏమీ జరగలేదు. తీగ ఉన్నదాంట్లో ఆరుకి అయిదుసార్లు వాయువులు కలిశాయి.

"ప్లాటినం ఉంటే కలుస్తాయన్నది ఎప్పుడో తెలిసిన సంగతే" అన్నాడు హెడ్డు. "అంటే ఆ అమ్మాయి కనిపెట్టింది కొత్తదేమీ కాదు. కానీ చూసింది నిజంగానే చూసింది. ఆ రోజు మీరు ఒక్కమాట చెప్పి ఉంటే, ఒక్క పూటలో తేలిపోయేది. నవ్వుకుని, కాగితం వెనక్కి తీసుకుని, ఇంకో పని మొదలుపెట్టేవాళ్లు."

ఒక్క పూట. ఆ మాట ఆయనకు మిగతావాటన్నిటికన్నా లోతుగా దిగింది.

ఆ అమ్మాయి ఎక్కడుందో కనుక్కోవడం కష్టం కాలేదు. అదే ఊళ్లో, అవతలి చివర, ఒక రంగుల ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. కాలేజీ గేటు ముందు బస్సెక్కి, మధ్యలో ఇంకో బస్సు మారితే సరిపోతుంది.

మధ్యాహ్నం భోజనాల వేళకు వెళ్లాడు. గేటు మనిషి లోపలికి దారి చూపించాడు. పెద్ద కిటికీలున్న గది. తీగల మీద రంగు పూసిన రేకు పలకలు ఆరేసి ఉన్నాయి. కణతల దగ్గర జుట్టు నెరిసిన ఒకావిడ రెండు పలకలను పక్కపక్కన పట్టుకుని, ఒకసారి కిటికీ దగ్గర, ఒకసారి ట్యూబులైటు కింద చూస్తోంది. కొనేవాళ్లు తెచ్చిన రంగుకు సరిపోయే రంగు కలిపి ఇవ్వడం ఆమె పని. తల తిప్పి ఆయన్ని చూసింది. ఒక్క క్షణం. ముఖమంతా విచ్చుకుంది.

"బాబాయ్! మీరేంటి ఇక్కడ? రండి రండి, కూర్చోండి. పిన్ని గారు బాగున్నారా?"

ఆ పలకరింపు ఆయన ఊహించలేదు. దారి పొడవునా కూడగట్టుకున్న మాటలన్నీ చెదిరిపోయాయి. కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. మేడమ్ చెప్పినట్టు, ఏమనుకున్నాడో వదిలేసి, చేసిందే చెప్పాడు. చెబుతున్నకొద్దీ ఆమె ముఖం మూసుకుపోతూ వచ్చింది. పలకలు రెండూ బల్ల మీద పెట్టింది. ఆయన ముగించాక ఆమె అడిగిన మొదటి ప్రశ్న ఇదీ:

"తీగ మొన ఎంత ఉండేది?"

"నువ్వుగింజలో సగం ఉంటుందమ్మా."

"లోపలివైపేనా?"

"లోపలికే."

"తీగ లేని మెత్తగాజులో కూడా చేశారా ఇప్పుడు?"

"చేశారు. ఆరుసార్లు. ఏమీ రాలేదు."

"ఉన్నదాంట్లో?"

"ఆరుకి అయిదు."

"అయిదు" అంది ఆమె. వేళ్లతో బల్ల అంచును పట్టుకుంది. తర్వాత మాట్లాడినప్పుడు గొంతు మామూలుగానే ఉంది.

"ఆ ముగ్గురూ నన్ను ఏమడిగారో మీకు తెలుసా? నువ్వు చూశావా, చూశాననుకున్నావా అని. మొదట కోపమొచ్చింది. కొన్నాళ్లకి నాకే అనుమానం మొదలైంది. రావాలని కోరుకున్నాను కాబట్టి వచ్చినట్టు కనబడిందేమో, నా కళ్లే నన్ను మోసం చేశాయేమో అని. ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో రెండు పలకలు చూసి ఇవి ఒకటే రంగు అని చెప్పడానికి వణికిపోయేదాన్ని. పక్కవాళ్లని పిలిచి చూడమనేదాన్ని. నా చూపు మీద నాకు నమ్మకం రావడానికి ఏడెనిమిదేళ్లు పట్టింది మేస్త్రి గారూ."

బాబాయ్ అనలేదు. ఆయనకు వినబడింది.

"తప్పు చేశానమ్మా" అన్నాడు.

"చేసేటప్పుడు భయపడ్డారు. అది అర్థమవుతుంది. అందరూ భయపడతారు." ఆమె పలక ఒకటి చేతిలోకి తీసుకుంది, మళ్లీ పెట్టేసింది. "కానీ తర్వాత? మా నాన్నగారు పోయేముందు కూడా అడిగారు, అసలు ఏం జరిగిందమ్మా అని. నాకు తెలీదని చెప్పాను. నేను ఎక్కడికీ పోలేదు కదా. ఈ ఊళ్లోనే ఉన్నాను. రెండు బస్సులు మారితే చాలు."

లోపల ఎక్కడో గంట మోగింది. ఆమె గోడ గడియారం వైపు చూసి, భోజనం డబ్బా తెరవకుండానే పక్కకు జరిపి, తర్వాతి పలకలు తీసుకుంది.

"మళ్లీ కాలేజీకి వచ్చి, మిగిలిపోయిన పని పూర్తి చేసుకోవచ్చని హెడ్డు గారు చెప్పమన్నారమ్మా" అన్నాడు గుమ్మం దగ్గర ఆగి.

"నాకు నలభై రెండేళ్లండీ" అంది తలెత్తకుండా. పలకను కిటికీ వైపు తిప్పుతూ, "జాగ్రత్తగా వెళ్లండి, ఎండగా ఉంది" అంది.

కెమిస్ట్రీ వాళ్లు ఆ సంగతి ఒకటిన్నర పేజీలో రాసి, మొదటి కాగితం వచ్చిన పత్రికకే పంపారు. మొదటి ఫలితం బుడ్డిలో మిగిలిన ప్లాటినం వల్ల వచ్చిందని, చూసినవారి పరిశీలనలో లోపం లేదని ఉంది అందులో. కింద ఆ అమ్మాయి పేరూ, ఆమె కింద మేస్త్రి పేరూ అచ్చయ్యాయి. హాజరుపట్టీలో ఉన్న అసలు పేరు. ఒక ప్రతి ఆయనకు ఇచ్చారు. భార్య చదవమంటే చదివి వినిపించాడు. లోపం లేదు అన్న ముక్కను ఆవిడ రెండోసారి చదివించుకుంది.

ఇంకో ప్రతిని కవరులో పెట్టి రంగుల ఫ్యాక్టరీ చిరునామాకు పోస్టు చేశాడు. ఉత్తరం జత చేద్దామని రెండు మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాడు. చివరికి అచ్చు కాగితం ఒక్కటే వెళ్లింది. అందిందో లేదో తెలియదు. జవాబైతే రాలేదు.

"ఒకసారి వెళ్లి కనుక్కుని రండి" అని భార్య చాలాసార్లు అంది.

"ఇంకొకసారి ఆ పిల్ల అన్నం మాన్పించనా?" అన్నాడాయన.

ఆ తర్వాత ఇంకో అయిదేళ్లు పనిచేసి రిటైరయ్యాడు. ఆ అయిదేళ్లూ సాయంత్రం పని ముగించుకుని గేటు దగ్గరికి వచ్చేసరికి ఫ్యాక్టరీ వైపు వెళ్లే ఆ బస్సు వచ్చి ఆగేది. ఎక్కాల్సినవాళ్లు ఎక్కేవాళ్లు. ఆయన అది కదిలేదాకా నిలబడి చూసి, ఇంటివైపు నడిచేవాడు.